పొగ కనపడే రోజులు

మా రోజుల్లో సిటీ బస్సు నల్లపొగ వదిలితే జనం ఊరుకునేవారు కాదు. వెనకాల స్కూటరు మీద వచ్చేవాడు ముందుకొచ్చి, డ్రైవర్ కిటికీ పక్కన ఆపి మరీ నాలుగు తిట్టి పోయేవాడు. ఆ తిట్లన్నీ డ్రైవర్ డిపోకు మోసుకొచ్చి మా ముందు దించేవాడు. లాగ్‌షీట్ మీద "పొగ ఎక్కువ" అని రాసి సంతకం పెట్టాడంటే, తెల్లారి మొదటి ట్రిప్పుకు బండి గేటు దాటేలోపు దాని సంగతి తేల్చాల్సింది రాత్రి డ్యూటీలో ఉన్న మెకానిక్కే. తేల్చకుండా పంపితే మర్నాడు అందరి ముందూ తలెత్తుకోలేం.

పొగ చూసి ఇంజన్ రోగం చెప్పడం మేము నేర్చిన చదువు. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి చాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, నాజిల్ కారుతోందా, పంపు కాలిబ్రేషన్ తప్పిందా అని వరసగా చూసుకుంటూ పోవాలి. నీలంగా వస్తే రింగులు అరిగి ఇంజనాయిల్ కాలుతోంది. తెల్లగా, కళ్లు మండేలా వస్తే డీజిల్ సగం కాలకుండానే బయటపడుతోంది, టైమింగ్ చూసుకోవాలి. నాజిల్ విప్పి టెస్టర్ మీద బిగించి చేత్తో పంపు కొడితే సన్నటి తుంపర రావాలి. చుక్కలు రాలాయంటే అది పనికిరాదు. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో ప్రతి బండికీ, ప్రతి డ్రైవర్‌కీ లెక్క రాసేవాళ్లం. దాన్ని కేఎంపీఎల్ అంటారు. అది పడిపోతే పొగ పెరిగినట్టే. సంస్థకు డబ్బు దండగ, ఊరి జనానికి ఊపిరి దండగ, రెండూ ఆ ఒక్క నాజిల్ దగ్గరే ఆగేవి.

ఇవాళ సాయంత్రం ఆరింటికి సికింద్రాబాద్ ప్యారడైజ్ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడండి. నల్లపొగ వదిలే బండి అరుదుగా కనపడుతుంది. కానీ గొంతు గీరుకుపోతుంది, కళ్లు మండుతాయి, ఇంటికి పోయి మొహం కడిగి తువ్వాలుతో తుడుచుకుంటే తువ్వాలు మాసిపోతుంది. ఎవరిని తిట్టాలి? ఏ బండి నంబరు రాసుకోవాలి? నా కోపమంతా ఇక్కడే ఉంది. పొగ కంటికి కనపడకుండా పోయింది, దానితో పాటు పొగ గురించి అడిగేవాళ్లూ కనపడకుండా పోయారు.

మా రోజుల్లో గాలి స్వచ్ఛంగా ఉండేదని చెప్పి ఎవరినీ మోసం చేయను. అప్పుడు పెట్రోల్లో సీసం కలిపేవారు. ఇంజన్ కొట్టుకోకుండా ఉండడానికి కలిపిన ఆ సీసం సైలెన్సర్‌లోంచి బయటికొచ్చి పసిపిల్లల రక్తంలో చేరేది, వాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీసేది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసం పెట్రోలు ఆపేశారు. అంతకు ముందు పుట్టిన పిల్లలందరూ ఆ గాలే పీల్చారు, నా పిల్లలతో సహా. డీజిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో గంధకం నూటికి ఒక వంతు దాకా ఉన్నా చెల్లిపోయిన రోజులవి.

ఆటోలు టూ స్ట్రోక్ ఇంజన్లతో నడిచేవి. పెట్రోల్లో కలిపి పోసే టూ టీ ఆయిల్ కొలత ప్రకారం పోస్తే ఆటోడ్రైవర్‌కు తృప్తి ఉండేది కాదు. "జర ఎక్కువ పోస్తే ఇంజన్ సల్లగుంటదన్నా" అని ఇంకో మూత పోయించుకునేవాడు. ఆ ఇంజన్ తీరే అంత, పీల్చిన పెట్రోల్లో కొంత కాలకుండానే బయటికి తోసేస్తుంది. ఆపైన ఎక్కువైన ఆయిల్ తోడయ్యేసరికి వెనకాల వచ్చేవాడికి నీలం పొగ మొహం నిండా కొట్టేది. తొంభైల్లో డీజిల్‌తో నడిచే సెవెన్ సీటర్లు వచ్చి దానికి నలుపు అద్దాయి.

ఇక కల్తీ. రేషన్ షాపు గాసునూనె డీజిల్ కన్నా బాగా చవక. పేదవాడి పొయ్యిలోకి పోవాల్సిన డబ్బా రాత్రికి రాత్రి లారీ ట్యాంకులోకి చేరేది. కల్తీని పట్టుకోవడానికే ఆ గాసునూనెకు నీలం రంగు కలిపేవారు. రంగును పోగొట్టే ఉపాయాలు కూడా దొంగలు కనిపెట్టారు. కల్తీ డీజిల్ పోసిన బండి మా చేతికొస్తే పంపు విప్పగానే తెలిసిపోయేది. గాసునూనెకు డీజిల్‌కున్న జిడ్డు ఉండదు, పంపు లోపలి భాగాలు గీతలు పడి కనిపించేవి.

ఇన్ని పాపాలున్నా ఆ రోజుల్లో ఊరిని కాపాడిందేమిటంటే, బండ్లు తక్కువ. మా వీధిలో స్కూటరున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేతక్ కావాలంటే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. గుమస్తా, టీచరు, మిల్లు కార్మికుడు సైకిలెక్కేవాడు, డైనమో లైటు వెలగకపోతే పోలీసు ఆపేవాడు. మిగతావాళ్లకు బస్సు. ఆల్విన్ వాళ్లు బాడీలు కట్టిన బస్సులు, లేదంటే డబుల్ డెక్కర్. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా, అబిడ్స్, అఫ్జల్‌గంజ్ దాటి జూపార్కు దాకా పోయే 7జెడ్ పైఅంతస్తులో ముందు సీటు కోసం పిల్లలు కొట్టుకునేవారు. ఒక్క ఇంజన్ మీద అంతమంది. ఆ ఇంజన్ పొగ వదిలినా తలా ఇంత పంచితే ఎంత? 2003 దాకా అవి నడిచాయి. తర్వాత ఆపేశారు. 2023లో మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చి ట్యాంక్‌బండ్ చుట్టూ తిప్పారు. చూడ్డానికి బాగున్నాయి. కానీ వాటిని ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం తెచ్చారు, ఆఫీసుకు పోయేవాళ్ల కోసం తేలేదు.

ఇంధనాన్ని శుభ్రం చేసే పని మాత్రం ఈ దేశం గట్టిగా చేసింది. ఆ మాట దాచను. భారత్ స్టేజ్ అని మెట్టు మెట్టుగా ఎక్కించుకుంటూ వచ్చారు. 2005లో మూడో మెట్టు, 2010లో నాలుగో మెట్టు దేశమంతటి కన్నా ముందు కొన్ని పెద్ద నగరాలకు వచ్చాయి, వాటిలో హైదరాబాద్ ఉంది. అయిదో మెట్టును వదిలేసి 2020 ఏప్రిల్ 1న దేశమంతా ఒక్కసారే బీఎస్ 6కు దూకింది. డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో పది వంతులకు మించకూడదు. మా కాలంలో పదివేల వంతులు ఉండొచ్చు. అంటే వెయ్యో వంతుకు దిగిపోయింది. ఈ పని చేసిన రిఫైనరీ ఇంజనీర్లు కనపడితే నేను చేతులెత్తి దండం పెడతాను.

మరి గాలి కూడా ఆ లెక్కన బాగుపడాలి కదా? పడలేదు. ఒక్కో బండి పొగ పదో వంతుకు తగ్గి, బండ్లు పదింతలైతే లెక్క మొదటికొచ్చినట్టే. దానికి తోడు అవి కదలవు. మెహిదీపట్నం నుంచి హైటెక్ సిటీ దాకా సాయంత్రం పూట కార్లు ఫస్టు గేరులో పాకుతుంటాయి. కారు సైలెన్సర్‌లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఇంటి దగ్గర స్టార్టు చేసి అర కిలోమీటరులో ఉన్న కూరగాయల మార్కెట్‌కు కారులో పోయి వచ్చేవాళ్లకు ఆ కన్వర్టర్ ఉన్నా లేనట్టే. ఆ అర కిలోమీటరు నడవడానికి ఫుట్‌పాత్ ఏది అని అడుగుతారు. నిజమే, లేదు. ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరో, బజ్జీల బండో, పార్కు చేసిన బైకులో ఉంటాయి.

ఇంకొక సంగతి ఎవరూ మాట్లాడరు. బ్రేకు ప్యాడ్లు అరుగుతాయి, టైర్లు అరుగుతాయి. ఆ పొడి ఎక్కడికి పోతుంది? రోడ్డు మీద పడి, వెనక వచ్చే బండి చక్రాల గాలికి మళ్లీ లేస్తుంది. పక్కనే తవ్వి వదిలేసిన కేబుల్ గుంత మట్టి, టార్పాలిన్ కప్పకుండా పోయే ఇసుక లారీ దుమ్ము దానిలో కలుస్తాయి. ఎలక్ట్రిక్ కారు కొన్నంత మాత్రాన ఈ దుమ్ము ఆగదు. బండ్ల సంఖ్య తగ్గాలి, రోడ్డు అంచుల దాకా తడిపి ఊడ్వాలి. తెల్లవారుజామున పొడి చీపురుతో రోడ్డు ఊడ్చే అమ్మలను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. రోడ్డు మీది దుమ్మంతా ముందు వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఊపిరితిత్తుల లోతు దాకా పోయే సన్నటి ధూళిని పీఎం 2.5 అంటారు. మనిషి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. మన దేశం 2009లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో అది 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. అంటే మన ప్రమాణం లోపల ఉన్నామని సంబరపడినా, వాళ్ల హద్దుకు ఎనిమిదింతలు పీల్చడానికి ఒప్పుకున్నట్టే. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు ప్రమాణాలకు అందని నగరాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, నల్లగొండ, ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు చేరాయి. ఢిల్లీ పొగ గురించి టీవీలో చూసి "అయ్యో పాపం" అనేవాళ్లు ఈ పేర్లు ఒకసారి చదువుకోవాలి. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలకు దగ్గరగా నిలిచిపోయి, దాని మీద వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటే కింద లేచిన పొగ పైకి పోలేదు. ఆ వేళకే డాక్టర్లు నడవమన్నారని మా వయసువాళ్లందరూ మెయిన్‌రోడ్డు పక్కన వాకింగ్ చేస్తుంటారు.

సైలెన్సర్ పొగ గురించి కనీసం పేపర్లో వస్తుంది. పెట్రోలు బంకు సంగతి ఎవరికీ పట్టదు. బంకులో వచ్చే ఘాటు వాసన చిన్నప్పుడు మాకు ఇష్టంగా ఉండేది, ముక్కులు ఎగబీల్చేవాళ్లం. ఆ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది. రక్త క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. ఒకప్పుడు మన పెట్రోల్లో అది నూటికి అయిదు వంతుల దాకా ఉండొచ్చు, ఇప్పుడు ఒక వంతు దాటకూడదు. ఇక్కడా ఇంధనం బాగుపడింది. బంకులో ఆవిరికి దారి మాత్రం మారలేదు.

అదెలాగో చెబుతాను. బైకు ట్యాంకు ఖాళీ అయిందని మనం అనుకుంటాం. నిజానికి దాని నిండా పెట్రోలు ఆవిరి ఉంటుంది. పైనుంచి లీటరు పెట్రోలు పోస్తే లోపలున్న లీటరు ఆవిరి ఎటు పోవాలి? మూత దగ్గరే బయటికి వచ్చి, ఎదురుగా నాజిల్ పట్టుకుని నిలబడిన పిల్లవాడి మొహానికి తగులుతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా బైకు వెనక బైకు, ఒక్కో ట్యాంకు ఆవిరి అతని మొహానికే. ట్యాంకరు వచ్చి భూమిలోని ట్యాంకులోకి 12 వేల లీటర్లు దించితే, అక్కడున్న 12 వేల లీటర్ల ఆవిరి వెంట్ గొట్టంలోంచి పైకి పోయి పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టల్లోంచి నడుస్తుంది. పైగా ఈ ఆవిరి, సైలెన్సర్లలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు మధ్యాహ్నపు ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుంది. ఆకాశంలో పైన ఉంటే మనల్ని కాపాడే ఓజోనే, నేల మీద ఉబ్బసం ఉన్నవాడి ప్రాణం తీస్తుంది.

దీనికి మందు లేక కాదు. ట్యాంకరుకు రెండో గొట్టం తగిలిస్తే, పెట్రోలు కిందికి దిగుతుంటే ఆవిరి ట్యాంకరులోకే వెనక్కి పోతుంది. ఆయిల్ డిపోకు తిరిగి తీసుకెళ్లి దాన్ని మళ్లీ ద్రవంగా మార్చుకోవచ్చు. బండికి పోసే నాజిల్‌కు కూడా ఆవిరిని వెనక్కి లాగే ఏర్పాటు ఉంది, చిన్న వాక్యూమ్ పంపు పెట్టి భూమిలోని ట్యాంకుకే పంపిస్తారు. ఇందులో అర్థం కాని విద్య ఏమీ లేదు, ఏ మెకానిక్‌నైనా అడగండి. ఢిల్లీ ప్రాంతపు బంకుల్లో ఇది పెట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018లో ఆదేశించింది. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. పెద్ద నగరాల్లో పెట్రోలు ఎక్కువగా అమ్మే బంకులు ఆవిరిని పట్టే ఏర్పాటు చేసుకోవాలి. కొత్త బంకు పెట్టాలంటే బడికి, పది పడకలు, ఆపైన ఉన్న ఆస్పత్రికి, నివాస ప్రాంతానికి 50 మీటర్ల దూరం ఉండాలి. స్థలం కుదరని చోట అదనపు భద్రత పెట్టుకుని కూడా 30 మీటర్లకు తగ్గకూడదు.

నేను పెట్రోలు పోయించుకునే ప్రతి బంకులోనూ అడుగుతాను, "మీ నాజిల్‌కు ఆవిరి పట్టేది ఉందా బాబూ?" అని. అక్కడి పిల్లలు వింతగా చూస్తారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఒకతణ్ని మాస్కు పెట్టుకోవచ్చు కదా అన్నాను. "మాట వినపడదంకుల్, కస్టమర్లు కోప్పడ్తరు" అన్నాడు. గుడ్డ మాస్కు పెట్టుకున్నా ఈ ఆవిరి ఆగదు. నాజిల్ దగ్గర ఆపాల్సినదాన్ని ఆ పిల్లవాడి ముక్కు దగ్గర ఆపమనడం అన్యాయం. ఇంత ఇంధనం అమ్మే దేశంలో, దాన్ని పోసేవాడికి ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించడం పెద్ద ఖర్చా? మా డిపోలో బస్సుకు కూడా కిలోమీటర్ల లెక్కన తనిఖీలు ఉండేవి.

మనం చేసే తప్పూ ఉంది. ట్యాంకు నిండగానే నాజిల్ టక్కుమని దానంతటదే ఆగుతుంది. "అంకుల్, రౌండ్ ఫిగర్ చేసెయ్యాలా?" అని అడుగుతారు, మనం తలూపుతాం. ఇంకో నొక్కు, ఇంకో నొక్కు. చిల్లర గొడవ తప్పింది గానీ రెండు నష్టాలు జరిగాయి. పొంగిన పెట్రోలు నేల మీద పడి అప్పటికప్పుడు ఆవిరైపోయింది. రెండోది ఎవరికీ తెలియదు. ఇప్పటి బండ్లలో ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఉంటుంది, క్యానిస్టర్ అంటారు. గొంతు దాకా పోస్తే పెట్రోలు దానిలోకి దిగి బొగ్గు తడిసిపోతుంది. ఆ తర్వాత అది ఆవిరిని పట్టలేదు. ఎండాకాలం బండి ఎండలో పెట్టిన ప్రతి మధ్యాహ్నం ఆ ఆవిరి మన పార్కింగ్‌లోనే లేస్తుంది. మీటర్ల మీద చిల్లర అంకెలు వస్తే రానివ్వండి, ఇప్పుడు అందరూ ఫోన్లతోనే కడుతున్నారు, పైసలు కూడా కట్టొచ్చు.

బంకు పక్కనే నిలబెట్టే పొల్యూషన్ చెకింగ్ వ్యాను గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. పెట్రోలు బండికి అది చూసేది ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎంత, కాలని ఇంధనం ఎంత అని. డీజిల్ బండికి ఇంజన్ రేజ్ చేసి పొగ చిక్కదనం చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు, పీఎం 2.5 చూడరు. అంటే ఇవాళ మనల్ని ఎక్కువగా బాధపెడుతున్నవేవో ఆ పరీక్షలో లేనే లేవు. ఉన్న పరీక్షనైనా సరిగా చేస్తారా? ఒకచోట గొట్టం సైలెన్సర్‌లో పెట్టకుండానే నంబరు ప్లేటు ఫోటో తీసుకుని నా చేతికి కాగితం ఇచ్చారు. "గొట్టం పెట్టు నాయనా, నా బండి ఎలా ఉందో నాకు తెలియాలి" అంటే, వెనక లైన్లో ఉన్నవాళ్లు నా మీద విసుక్కున్నారు. వాళ్లకు కావాల్సింది పోలీసుకు చూపించే కాగితం. మా రోజుల్లో లాగ్‌షీట్ మీద అబద్ధం రాసిన మెకానిక్‌ను తోటి మెకానిక్కులే దగ్గరికి రానిచ్చేవారు కాదు.

లారీల సంగతి ఇంకా బాధ. బీఎస్ 6 డీజిల్ బండికి మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు ఉంటుంది. బంకుల్లో డెఫ్ అని అమ్మేది అదే. దాని ఖర్చు మిగుల్చుకోవడానికి కంప్యూటర్‌ను మభ్యపెట్టే పెట్టెలు బిగించేవాళ్లు, ఫిల్టరు లోపలి భాగం తీసి పారేసేవాళ్లు ఉన్నారు. అది చేస్తున్నది చదువుకున్న మెకానిక్కులే. నా వృత్తివాళ్లు ఈ పని చేస్తున్నారని విన్నప్పుడు నాకు కడుపు రగిలిపోతుంది. బండి పొగ పైకి కనపడదు కాబట్టి రోడ్డు మీద ఏ స్కూటరువాడూ ఆపి తిట్టడు. 2012లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పింది. ఆ సంగతి తెలిసీ చేస్తే దాన్ని ఏమనాలి?

చివరికి బస్సే దిక్కని నా నమ్మకం. జీవితమంతా బస్సుల కింద పడుకున్నవాణ్ని కాబట్టి అలాగే అంటాననుకోవచ్చు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చినప్పుడు ఏం జరిగింది? బస్సులు ఫుట్‌బోర్డు దాకా నిండిపోయాయి. జనానికి బస్సు అక్కర్లేదు, అందరికీ బండ్లే ఇష్టం అని ఏళ్ల తరబడి చెప్పినవాళ్ల మాట ఒక్క వారంలో తేలిపోయింది. బస్సు వస్తే ఎక్కుతారు. రాదు, వచ్చినా ఆగదు, ఆగినా చోటుండదు, అందుకే జీతంలో సగం ఈఎంఐకి పోసి బైకు కొంటారు. 2017లో మెట్రో వచ్చింది, సంతోషం. ఆ స్టేషన్ దిగి ఇంటికి పోవడానికి చిన్న బస్సు లేకపోతే అక్కడిదాకా కూడా బైకే. ఎలక్ట్రిక్ బస్సులు 2019 నుంచి విమానాశ్రయానికి తిరుగుతున్నాయి, మిగతా రూట్లలోనూ పెరుగుతున్నాయి. కరెంటు బొగ్గు కాల్చి తీస్తారు కదా, పొగ ఊరు మార్చినట్టే కదా అని వాదించేవాళ్లకు ఒకటే చెబుతాను. రామగుండం చిమ్నీకి వడపోత పెట్టమని గట్టిగా అడగొచ్చు, అది ఒక్కచోట ఉంది. అమీర్‌పేటలో బస్టాపు పక్కన పూలమ్ముకునే ఆమె మొహం ముందున్న వెయ్యి సైలెన్సర్లను ఎవరు అడుగుతారు?

ఆ పూలమ్మినామె, చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్, బంకు కుర్రాడు, స్కూలు ఆటోలో వెనక్కి తిరిగి కూర్చునే పిల్లలు. కారు అద్దాలు ఎత్తుకుని ఏసీ వేసుకున్నవాళ్ల పొగ వీళ్లు పీలుస్తారు. ఇళ్లల్లో గాలి శుద్ధి యంత్రాలు కొనుక్కుంటున్నారు ఇప్పుడు. డబ్బున్నవాడు నీళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక నల్లా నీళ్ల గురించి అడగడం మానేశాడు. గాలికీ అదే జరగబోతోందని నా భయం.

మా కాలనీ చివర, పిల్లల బడికి ఎదురుగా, కొత్త పెట్రోలు బంకుకు పునాదులు తీస్తున్నారు. దూరం కొలిచేది బంకు స్థలం మధ్య నుంచి అని అక్కడి సూపర్‌వైజర్ నాకు నచ్చజెప్పబోయాడు. మార్గదర్శకాల్లో అలా లేదు. పెట్రోలు దించే చోటు, పోసే మిషను, వెంట్ గొట్టం, ఈ మూడింటిలో ఏది బడికి దగ్గరైతే అక్కణ్నుంచి కొలవాలి. వెంట్ గొట్టం ఎక్కడ వస్తుందో ప్లాను చూపించమన్నాను, చూపించలేదు. నేనూ, పాతరోజుల్లో నాతో పనిచేసిన ఇద్దరూ, బడి హెడ్మాస్టరు గారూ టేపు పట్టుకుని గోడ నుంచి గోడకు కొలిచి కాగితం మీద గీసుకున్నాం. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఆ కాగితం పట్టుకుని పోతున్నాం. దూరం తేల్చమని, కట్టేట్టయితే మొదటి రోజు నుంచే ఆవిరి పట్టే నాజిళ్లు పెట్టించమని, ట్యాంకరు బడి గంటల్లో దించకూడదని రాశాం. రసీదు తీసుకోకుండా అక్కణ్నుంచి కదిలేది లేదు.